పజోరుగా అడిగిన గది

నా రెండు మోకాళ్ళ మీద చేతులు వేసి చెబుతున్నాను: ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. జనం మామూలుగా తల్లి మీదో దేవుడి మీదో ఒట్టు వేస్తారు. మా అమ్మ మీద వేస్తే ఆవిడే వచ్చి చెవి మెలిపెడుతుంది. మా కొండదేవతకి నా సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి సాక్ష్యానికి రాదు. మోకాళ్ళయితే ఉద్యోగం పొడవునా నాతోపాటు ఏజెన్సీలో ప్రతి మలుపూ ఎక్కి దిగాయి. చివరికి అవే నా చేత గడువుకు ముందే విరమణ కాగితం రాయించాయి. అంతకంటే నమ్మకమైన సాక్షులు నాకు లేరు.

కొత్తగా ఈ రోడ్లు, కట్టడాల ఉద్యోగంలో చేరిన కుర్ర ఇంజినీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అరకు పోస్టింగ్ అంటే అదృష్టం సార్, కాఫీ తాగుతూ మబ్బులు చూసుకోవచ్చు" అంటారు. నాయనా, మబ్బుల్ని చూడడానికి ఎవరెవరో వస్తారు. వాళ్ళ కార్లను చూసుకోవడమే మన ఉద్యోగం. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎన్నాళ్ళు ఎక్కడ నిద్రపోయిందో నేను రాయను. అవి మీకూ వస్తాయి, మీవీ నిద్రపోతాయి. ఒక వంతెన, ఒక నర్సు, ఒక వెదురు కర్ర గురించి చెబుతాను.

బాణం గుర్తు

మాది హుకుంపేట పక్క ఊరు. కొండదొరల ఇంట్లో పుట్టి, ఇంజినీరింగ్ డిప్లొమా చదివి, చదువైన వెంటనే సొంత కొండల్లోనే పోస్టింగ్ తెచ్చుకున్నవాణ్ణి. నేను చేరినప్పుడు అరకు ఒక పెద్ద ఊరు. చూస్తుండగానే చిన్న పట్టణమైంది. రోడ్డు మాత్రం తాను ఇంకా ఊళ్ళోనే ఉన్నాననుకుంది.

రైల్వేస్టేషన్ వైపు నుంచి వచ్చినా, కొండ కింద శృంగవరపుకోట నుంచి వచ్చినా, సంత వైపు వెళ్ళాలంటే ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. దాని మీద వంతెన. వెడల్పు ఒకటిన్నర లారీ. ఆ అర లారీ దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. సంత రోజున అల్లం మూటలు, రాజ్మా బస్తాలు, కోళ్ళు, మనుషులు. చలికాలంలో వాటి మధ్యలోకి విశాఖపట్నం కార్లు. వలిసె చేలు పసుపు రంగులో పూసిన వారాల్లో అయితే వంతెన మీద నించున్న కారు కిందనుంచి గెడ్డ నీళ్ళు మాత్రమే కదిలేవి.

మా పెద్దసారు పట్నం మనిషి. మంచివాడే గాని పటాన్ని నమ్మినంతగా మనుషుల్ని నమ్మేవాడు కాదు. ఒకరోజు ఊరి పటం మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక బాణం గీసి, "ఇక మీదట ఇటు నుంచి అటు మాత్రమే వెళ్ళాలి" అన్నారు. గుండ్రటి ఇనప బోర్డులు వచ్చాయి, 'ప్రవేశం లేదు' అని. ఎర్రటి ప్లాస్టిక్ కోన్‌లు వచ్చాయి. దగ్గరుండి నేనే పెట్టించాను.

మొదటి సంత నాటికే కోన్‌లు కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే, కోళ్ళమ్మే ఒకాయన ఒక్కో కోన్ తలకిందులుగా పాతి అందులో ఒక్కో పుంజును కూర్చోబెట్టాడు. అవి మెడలు మాత్రం బయట పెట్టి, పోలీసుల కంటే శ్రద్ధగా రాకపోకలు గమనిస్తున్నాయి. 'ప్రవేశం లేదు' బోర్డు అంబలి కుండ మీద మూతగా ఉంది. నేను దాని వంక చూస్తుంటే అంబలి అమ్మే ఆమె, "సారూ, మీ మూత శానా బాగున్నాది. ఈగ దూరదు. ఇంకోటి ఉంటే ఇప్పించండి" అంది.

ప్రవేశం లేదన్న మాటని ఆ ఊళ్ళో పాటించినవి ఈగలు మాత్రమే.

అప్పట్లో జనానికి క్రమశిక్షణ లేదని నేను విసుక్కున్నాను. తర్వాత ఒకసారి ఆ బాణం చూపించిన దారిలో నెత్తిన మూట పెట్టుకుని నడిచి చూశాను. సంతకి వెళ్ళడానికి ఊరంతా చుట్టాలి. మన పెన్సిల్‌కి మెడ నొప్పి ఉండదు, అదే చిక్కు. ఏదైనా గీసే ముందు ఆ గీత మీద ఒకసారి బరువుతో నడవండి.

తాళాలకు ఖాళీ లేదు

నా బల్ల మీద రెండు కట్టలు ఉండేవి, ఒకటి ట్రాఫిక్‌ది, రెండోది ఇళ్ళ కొరతది. ఆ రెండూ ఒకే గొడవని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఏజెన్సీలో కొండ కిందివాళ్ళు స్థలం కొనడానికి వీల్లేదు. మంచి చట్టం. అది లేకపోతే ఈపాటికి నేను ఏ ఊరి బస్టాండ్‌లో ఉండేవాణ్ణో. కాబట్టి కింద నుంచి వచ్చే టీచర్లు, నర్సులు, గుమస్తాలు అద్దెకే ఉండాలి. ఒకప్పుడు బతిమాలి మరీ ఇల్లు ఇచ్చేవాళ్ళం. కార్లు రావడం మొదలయ్యాక ప్రతి ఇల్లూ 'హోమ్ స్టే' అయిపోయింది. అత్తగారి గదికి కూడా బోర్డు పెట్టి, అత్తగారిని వరండాలోకి మార్చిన కొడుకులు నాకు తెలుసు.

అలాంటివాళ్ళలో మేటి దాసు మాస్టారు. బడిపంతులుగా చేసి మానేసిన మనిషి. వంతెన దాటగానే ఆయన ఇల్లు. ఆరు గదులు, ఆరు పేర్లు. ముందు గది 'వలిసె పువ్వు', దాని పక్కది 'కాఫీ పువ్వు'. ఆఖరిది పాత మేకల కొట్టం. దానికి సున్నం కొట్టి 'వ్యాలీ వ్యూ' అని పేరు పెట్టాడు. కిటికీ తెరిస్తే కనిపించేది పక్కవాళ్ళ మరుగుదొడ్డి.

ఆసుపత్రికి కొత్తగా సలోమి అనే నర్సు వచ్చింది. పాచిపెంట ఊరి పిల్ల. ఆమె రాకముందు ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉంది. ఊళ్ళో గది దొరక్క కొండ కింద శృంగవరపుకోటలో చుట్టాల ఇంట్లో ఉంటూ, పొద్దున్నే మొదటి బస్సులో కొండెక్కి, సాయంత్రం చివరి బస్సులో దిగేది. క్వార్టర్స్ ఎప్పుడు కడతారని నా ఆఫీసుకి వచ్చి అడిగితే, కాగితం మీద కట్టేశామని చెప్పలేక, దాసు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"మాస్టారూ, ఒక్క గది ఇప్పించండి. వంట కూడా బయటే సేసుకుంటాను" అంది సలోమి.

"గదులకేమమ్మా, ఉన్నాయి. ఖాళీ లేవు."

"ఇయాళ మంగళవారం కదండీ. ఆరు గదులకీ తాళాలే ఉన్నాయి."

"తాళాలకి మాత్రం ఖాళీ ఏదీ? శనివారం కోసం ఎదురు చూస్తున్నాయి."

ఆయన మాటకారి. నాకూ నవ్వొచ్చింది. సలోమికి రాలేదు. అది చూసి నేను కొంచెం గట్టిగానే అందుకున్నాను.

"ఇదేం న్యాయం మాస్టారూ? వారానికి రెండు రోజులుండి పోయేవాళ్ళకి ఆరు గదులు, ఏడాదంతా మన కోసం ఉండే మనిషికి ఒక్కటి లేదా?"

"ఇంజినీరు గారూ, తమరి శాఖ క్వార్టర్స్ కడితే ఈ పిల్ల నా గుమ్మం ఎందుకు తొక్కుతుంది?"

సలోమి దండం పెట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలోనే ఒక సెలవురోజు కాసులమ్మత్త కోడలికి నొప్పులొచ్చాయి. కాసులమ్మత్త వంతెన పక్క గూడెం మనిషి, మా అమ్మకి వరసకి వదిన. సలోమి బస్సేమో గెడ్డకి అవతల కార్ల వరుస తోకలో ఇరుక్కుంది. ఆమె కాసేపు చూసి, బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆగిపోయిన కార్ల పక్క నుంచి గంటసేపు నడిచింది. కార్లలో వాళ్ళు అద్దాలు దించి, "ముందు ఏమైందండీ?" అని అడిగారట. "కాన్పు" అని చెప్పి నడిచిందట. ఆమె గదిలోకి అడుగు పెట్టిన కాసేపటికి బిడ్డ అడ్డం తిరగబోయింది. సలోమి సమయానికి సర్దింది, తల్లీ పిల్లా దక్కారు.

మర్నాడు నాకు కనిపించి సలోమి అంది: "సార్, ఈ ఎండాకాలం దాకా సూత్తాను. బదిలీకి కాగితం రాసీసినాను. ఆ గుంట బతికింది నా కాళ్ళ వల్లండీ, నా ఉద్యోగం వల్ల కాదు. పెతిసారీ కాళ్ళు అందవు."

ఆ కాగితం పైకి వెళితే ఆమె స్థానంలో ఇంకొకరు రారు. వచ్చినా గది దొరకదు. ఇది ఆసుపత్రికి తెలుసు, గూడేనికి తెలుసు, నాకు తెలుసు.

కర్ర తీయించాను

చైత్రంలో మా ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్వాగతం పలుకుతారు కాబట్టి, ఈమధ్య చాలామంది అడవి దాకా వెళ్ళి సాయంత్రం దాకా చెట్టుకింద పడుకుని, చీకటి పడ్డాక దొడ్డిదారిన వస్తున్నారు. ఊళ్ళో రాజ్యం ఆడవాళ్ళది. దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని నిలబడతారు. దాటాలంటే పజోరు ఇవ్వాలి. పజోరంటే పండుగ కానుక. ఇచ్చేదాకా కర్ర లేవదు. ఈలోగా మీ మీసం మీద, మీ పొట్ట మీద పాటలు కడతారు. కోప్పడినవాడు ఓడిపోయినట్టు. కలెక్టరైనా కల్లుగీసేవాడైనా నవ్వుతూ ఇచ్చి పోవలసిందే.

ఆ ఏడు పండుగకీ వరస సెలవులకీ కలిసొచ్చింది. సరిగ్గా ఆ రోజే ట్రాఫిక్ చూడడానికి పెద్దసారు వస్తున్నారని కబురు. వంతెన దగ్గరికి వెళితే కాసులమ్మత్త, ఇంకా పదిమంది ఆడవాళ్ళు రెండు వైపులా కర్రలు పట్టుకుని ఉన్నారు. కానిస్టేబుల్‌ని పిలిచి తీయించాను.

కాసులమ్మత్త నడుం మీద చేయి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటిరా గుంటడా, ఏటి సేత్తన్నావు? మీ యమ్మ పట్టుకున్న కర్రే గదరా ఇది. ఉజ్జోగమొత్తే కళ్ళు కనపడవేటి?"

యాభై ఏళ్ళు పైబడ్డ మనిషిని కానిస్టేబుల్ ముందు గుంటడా అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. "పెద్దసారు వస్తున్నారత్తా. ఈ ఒక్క పూటే" అన్నాను.

"సరే, తీసీసినాం. ఇంక నీ దారి నువ్వు సూసుకో" అని, అందరూ వెళ్ళి పిట్టగోడ మీద వరసగా కూర్చుని పాట అందుకున్నారు. 'కర్ర తీసినోడు దొర, కారు కదిలిత్తే దేవుడు' అని.

దేవుణ్ణి కాలేకపోయాను. కాసేపట్లోనే అటు బస్సు, ఇటు లారీ వంతెన మధ్యలో ముక్కూ ముక్కూ ఆనించుకున్నాయి. వెనక రెండు వైపులా కంటికి ఆనినంత దూరం కార్లు. ఒకాయన కారు దిగి బొంగులో చికెన్ చెప్పి, బొంగు కాలి, కూర ఉడికి, తిని, చేయి కడుక్కుని, ముక్కలు తక్కువయ్యాయని పోట్లాడి, రాజీపడి వచ్చి కూర్చునేసరికి ఆయన కారు రెండు మూరలు జరిగింది. పెద్దసారి జీపు ఆ వరసలోనే ఎక్కడో ఉంది. ఫోన్‌లో ఆయన గొంతు నాకు చేరింది గాని ఆయన చేరలేదు.

పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను. "అత్తా, కర్రలు పెట్టండి."

"ఏటీ? ఇనపడ్నేదు."

"కర్రలు పెట్టండత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొద్దు. బేగి ఆ లారీని ఎనక్కి తీయించు."

లారీని వెనక్కి తీయించి, బస్సును పంపించాక, రెండు చివరలా కర్రలు అడ్డం పడ్డాయి. ఇటు ఐదు కార్లు వదిలేవారు, కర్ర దించేవారు, పాట. పాట అయ్యేలోపు ఆ ఐదూ వంతెన దాటేసేవి. అప్పుడు అటు కర్ర లేచేది. గంట తిరిగేసరికి వరస కరిగింది. అన్నేళ్ళూ వంతెన వెడల్పు చాలదని నేను రాసిన ఉత్తరాలన్నీ నాకు గుర్తొచ్చాయి. వంతెన ఇరుకైనదే, కాదనను. కాని అసలు చిక్కు అందరూ ఒక్కసారే దూరడం. ప్రతి చైత్రంలోనూ నా కళ్ళముందే ఆ ఆడవాళ్ళు దాన్ని విప్పి చూపిస్తుంటే, అది పండుగ అనుకున్నాను. పైగా పరాయివాణ్ణయి ఆ పొరపాటు చేస్తే వేరు. ఆ కర్ర కింద నుంచి పాకుతూ పెరిగినవాణ్ణి.

పెద్దసారు జీపు దిగి ముచ్చటగా చూశారు. "బాగుందయ్యా! ఎవరి డిజైన్ ఇది?"

"నాదే సార్" అన్నాను.

కాసులమ్మత్త విననట్టే ఊరుకుంది. దాని ఖరీదు తర్వాత రాబట్టింది.

ఆ ఏటి పజోరు

పెద్దసారిని గెస్ట్ హౌస్‌కి పంపించి, నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. అప్పుడొచ్చింది స్టేషన్ వైపు నుంచి దాసు మాస్టారి కారు, వెనక సీట్లో రైలు దిగిన అతిథులతో. కర్ర దిగింది. మాస్టారు అద్దం దించి, నవ్వుతూ నోటు చాపాడు.

"డబ్బులొద్దు మాస్టారూ" అంది కాసులమ్మత్త.

"మరేటి కావాలి?"

"గది."

"గదేటి?"

"సిస్టరమ్మకి గది. మీకు ఆరున్నాయి."

కర్రకి రెండో చివర కాసులమ్మత్త కోడలు. చంకలో ఆ చలికాలం పుట్టిన ఆడపిల్ల. మాస్టారు ఇంకా నవ్వు ఆపలేదు. "పజోరంటే రూపాయో పదో అడగాలి గాని, ఎక్కడైనా గదులడుగుతారేటే?"

"మా తాతమ్మ నాడు సోలెడు సామలు అడిగినారు. ఆ ఎనక రూపాయిలు అడిగినారు. ఊరు పెరిగినాది, పజోరూ పెరిగినాది."

వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. ఆడవాళ్ళు ఆ మోతకి తాళం వేస్తూ పాట కట్టారు. మాస్టారి నవ్వు కొంచెం పలచబడింది. "శనివారాలు బుకింగులయిపోయాయమ్మా" అన్నాడు.

"మీ కోడలికి నెల నిండితే బుకింగోళ్ళొచ్చి పురుడు పోత్తారేటి?"

సరిగ్గా అప్పుడే, బస్సు ఆగిపోయిందని మళ్ళీ నడిచొచ్చిన సలోమి, భుజాన సంచీతో, ఎండకి ఎర్రబడ్డ మొహంతో అక్కడికి చేరింది. విషయం తెలిసి సిగ్గుపడి, "వొద్దత్తా, వదిలీయండి. నేనెలాగూ ఎల్లిపోతన్నాను కదా" అంది.

ఆ మాటకి పాట ఆగింది. అంతసేపు ఏడిపించిన ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. కర్ర మాత్రం లేపలేదు.

"మేకల కొట్టం... అదే, వ్యాలీ వ్యూ ఇస్తాను" అన్నాడు మాస్టారు.

"అది మేకలకే ఇరుకు" అంది కాసులమ్మత్త.

మాస్టారు ఇంజిన్ ఆపేశాడు. తాళాల గుత్తి తీసి, అందులోంచి ముందు గది తాళంచెవి వేలితో తడిమి విడదీశాడు. కిటికీలోంచి చాపాడు. సలోమి వెంటనే పుచ్చుకోలేదు.

"ఊరికే ఉండను మాస్టారూ. అద్దె ఇత్తాను. శనివారం ఖాళీ సెయ్యమని మాత్రం అనకూడదు."

"అనను."

కర్ర లేచింది. వెనక కార్లలో వాళ్ళు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

మిగిలినది

సలోమి బదిలీ కాగితం చింపేసింది. ఇప్పటికీ ఆ ముందు గదిలోనే ఉంటోంది. మరుసటి ఏడాది ఆడవాళ్ళు ఒక టీచరు కోసం ఇంకో ఇంటాయన్ని ఆపారు. ఆయన ముందే భయపడి పండుగ రోజు కారు తీయలేదు. నడిచి వెళ్తుంటే ఆపారు. పెద్దసారు 'నా డిజైన్' మెచ్చి ఇనప గేటు మంజూరు చేశారు. దానికి పాట రాదు. మొదటి వానాకాలానికే తుప్పు పట్టి తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఒక్క గదితో ఊరి కొరత తీరిందని చెప్పను. క్వార్టర్స్ ఇంకా కాగితం మీదే ఉన్నాయి, బాగా కట్టాం, ఒక్క బీటా లేదు. కానీ ఊళ్ళో పనిచేసే మనిషికి ఊళ్ళో గది ఉంటే, ఆ మనిషి వంతెన మీద ఇరుక్కోదు. ఇంత చిన్న మాట కోసం నేను రెండు ఫైళ్ళు అన్నేళ్ళు మోశాను. కొత్త ఊరికి వెళ్ళగానే అక్కడ ముందు నుంచీ బండ్లను ఎవరు ఆపుతున్నారో, ఎవరి మాటకి ఆగుతున్నాయో కనుక్కోండి. వాళ్ళని కదిలించేముందు వాళ్ళ పక్కన ఒక రోజు కూర్చోండి.

ఇక ఒట్టు సంగతి. కోన్‌లలో పుంజులు నిజం, బొంగులో చికెన్ ఆయన నిజం, పెద్దసారితో "నాదే సార్" అన్నదీ నిజం. కల్పించింది ఒక్కణ్ణే. దాసు మాస్టారు అనే మనిషి లేడు.

ఆరు గదుల ఇల్లు మాది. మేకల కొట్టానికి సున్నం కొట్టినవాణ్ణి నేను. సలోమిని గది కోసం మా వరండాలోకి తీసుకొచ్చింది మా ఆవిడ. ఇదేం న్యాయం అని అడిగిందీ ఆవిడే. క్వార్టర్స్ మీది ఎత్తిపొడుపు తప్ప పైన మాస్టారి నోట పెట్టిన మాటలన్నీ నావి, ఆ ఎత్తిపొడుపూ, ఇంజినీరు నోట పెట్టిన ఆ ఒక్క మంచి మాటా మా ఆవిడవి. పండుగ రోజు నేను పిట్టగోడ మీద కూర్చోలేదు. సారిని గెస్ట్ హౌస్‌కి పంపి, డ్యూటీ మధ్యలో, మా అతిథుల్ని తెచ్చుకోవడానికి స్టేషన్‌కి వెళ్ళాను. నేను బతిమాలి పెట్టించుకున్న కర్రతోనే నన్ను ఆపారు. కాసులమ్మత్త నన్ను "మాస్టారూ" అనలేదు. ఆవిడ అన్నది అచ్చువేయడానికి వీలుకానిది.

ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. తాళాలు శనివారం కోసం ఎదురు చూస్తున్నాయనే చోట అందరూ పగలబడి నవ్వుతారు, నేనూ నవ్వేవాణ్ణి. కొండ దిగే బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లతో ఆ మాట అన్నది నేనేనని ఇవాళ మొదటిసారి కాగితం మీద పెట్టాను. చదివి చూసుకుంటే నవ్వు రావడం లేదు.